ప్రోనోటు లేని బాకీ, నాలుగు మంద్ర స్వరాలు

1791 డిసెంబరు 5న స్వరకర్త మొజార్ట్ వియన్నాలో చనిపోయాడు. ఇంట్లో ఉన్న కుర్చీలూ బల్లలూ, బట్టలూ పుస్తకాలూ, రావలసినవీ తీర్చవలసినవీ అధికారులు వచ్చి వరసగా రాసుకున్నారు. అందులో రాని బాకీల పద్దు కింద ఒక పేరు కనబడుతుంది: ఆంటోన్ స్టాడ్లర్, ఆస్థాన వాద్యకారుడు, 500 గుల్డెన్లు. ప్రోనోటు లేదు. అంటే మన భాషలో చేబదులు. చక్రవర్తి ఆస్థానం మొజార్ట్‌కి ఏడాదికిచ్చిన జీతం 800 గుల్డెన్లని గుర్తుంచుకుంటే, ఇది ఏడున్నర నెలల జీతం.

ఈ ఒక్క పద్దు స్టాడ్లర్‌కి చెడ్డపేరు తెచ్చిపెట్టింది. మొజార్ట్ జీవితకథలు రాసినవాళ్ళు చాలామంది అతణ్ణి అమాయకుడైన మహానుభావుడి నెత్తిన కూర్చుని తిన్న స్నేహితుడిగానే చూపించారు. బాకీ నిజమే, దాన్ని కొట్టెయ్యడానికి లేదు. కానీ ఖాతాకి రెండో వైపు కూడా ఉంటుంది. మొజార్ట్ క్లారినెట్ కోసం రాసిన రెండు గొప్ప రచనలు, 1789 నాటి క్వింటెట్ (అయిదు వాద్యాల రచన), 1791 నాటి కాన్సర్టో (ఆర్కెస్ట్రా తోడుగా ఒక వాద్యం ముందుండి సాగే రచన), స్టాడ్లర్ కోసం రాసినవి. వాయించేవాడు ఎవరైనా ఇవే రచనలు వచ్చేవి అనుకోవడానికి వీల్లేదు. వాటిలో మొజార్ట్ వాడిన కొన్ని స్వరాలు అప్పట్లో మామూలు క్లారినెట్‌లో అసలు లేవు, స్టాడ్లర్ చేతిలోని వాద్యంలో ఉన్నాయి.

స్టాడ్లర్ 1753 జూన్ 28న ఆస్ట్రియాలో బ్రూక్ ఆన్ డేర్ లైటా అనే ఊళ్ళో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబం వియన్నా చేరింది. తమ్ముడు యోహాన్ 1755లో పుట్టాడు. ఇద్దరూ క్లారినెట్టే పట్టారు. 1773 మార్చిలో వియన్నా సంగీతకారుల సంఘం కచేరీలో అన్నదమ్ములు కలిసి వాయించినట్టు రికార్డు ఉంది. తర్వాత కొంతకాలం రష్యా రాయబారి గొలీత్సిన్ ప్రభువు దగ్గర పనిచేశారు. 1782లో రెండో జోసెఫ్ చక్రవర్తి ఎనిమిది మందితో ఒక ఊదుడు వాద్యాల మేళాన్ని ఏర్పాటు చేసినప్పుడు క్లారినెట్ కుర్చీలు రెండూ వీళ్ళకే దక్కాయి.

ఇక్కడ ఒక చిన్న విషయం ఉంది. తమ్ముడు మొదటి క్లారినెట్, అన్న రెండోది. పైకి చూస్తే అన్నకి అవమానం అనిపిస్తుంది. అసలు సంగతి వేరు. రెండో క్లారినెట్‌కి కింది స్థాయి స్వరాలు ఎక్కువగా వస్తాయి, ఆంటోన్‌కి కావలసింది అవే. ఆ కాలపు వాద్యకారుల్లో ఎక్కువమంది పైస్థాయిలో మెరవాలని చూస్తే ఇతను కిందికి దిగడానికి ఇష్టపడ్డాడు. అతని కథ అంతా ఆ ఇష్టం చుట్టూనే తిరుగుతుంది.

క్లారినెట్ అనగానే మనకు పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండు మేళం గుర్తొస్తుంది. సినిమా పాట పల్లవి ఎత్తుకునే ఆ నల్లటి పొడుగాటి వాద్యం ఇదే. పదహారు, పదిహేడు మీటలుండే నేటి వాద్యం వేరు, స్టాడ్లర్ నాటిది వేరు. అప్పట్లో అది ఎక్కువగా బాక్స్‌వుడ్ అనే పసుప్పచ్చ కర్రతో చేసిన గొట్టం, మామూలుగా అయిదు మీటలు. 1700 ప్రాంతంలో న్యూరెంబర్గ్‌లో యోహాన్ క్రిస్టోఫ్ డెన్నర్ చేతిలో రూపుదిద్దుకున్నదని చెప్పుకునే ఈ వాద్యం 1770ల్లో కూడా ఐరోపాలో చాలా ఆస్థానాలకు కొత్తే. మొజార్ట్ సొంత ఊరు సాల్జ్‌బర్గ్‌లో క్లారినెట్లు లేవు. 1778 డిసెంబరులో మన్‌హైమ్ నుంచి తండ్రికి రాసిన ఉత్తరంలో, మనకూ క్లారినెట్లుంటే ఎంత బాగుండును అని వాపోయాడు.

సన్నాయికీ దీనికీ ఒక మౌలికమైన తేడా ఉంది. సన్నాయిలో గాని, పిల్లనగ్రోవిలో గాని ఊపిరి బిగిస్తే అదే స్వరం పైస్థాయిలో పలుకుతుంది. మంద్ర షడ్జం మధ్య షడ్జం అవుతుంది. క్లారినెట్ గొట్టం పొడవునా ఒకే వెడల్పు, పీక ఉన్న చివర మూసుకుపోయినట్టు లెక్క. అందుకని ఊపిరి బిగిస్తే షడ్జం పైస్థాయి షడ్జానికి పోదు, దాన్ని దాటి పైస్థాయి పంచమానికి ఎగురుతుంది. ఫలితంగా వాద్యంలో కింది భాగమూ పై భాగమూ రెండు వేరు గొంతుల్లా ఉంటాయి. పైది కాంతిగా, చురుగ్గా ఉంటుంది. కిందిది చిక్కగా, కాస్త నీడ పడినట్టు ఉంటుంది. పాత వాద్యం పేరు మీద కింది గొంతుని శాలుమో అంటారు. స్టాడ్లర్ మోజు ఆ గొంతు మీద.

అయితే ఆ గొంతు కిందికి దిగుతూ దిగుతూ సరిగ్గా అడుగు పెట్టవలసిన చోటికి ముందే ఆగిపోతుంది. క్లారినెట్ రాత లెక్కలో, అంటే వాద్యకారుడి ముందుండే స్వరలిపిలో, అట్టడుగు స్వరం 'ఇ'. 'సి'ని షడ్జంగా పెట్టుకుంటే 'ఇ' అంతర గాంధారం. అంటే వాద్యకారుడు ప మ గ అంటూ దిగి గాంధారం మీద నిలబడిపోవాలి, కింద షడ్జం లేదు. మధ్యలో ఉన్న సాధారణ గాంధారం, చతుశ్రుతి రిషభం, శుద్ధ రిషభం, షడ్జం, ఈ నాలుగూ లేవు. ఆధార షడ్జం అందని మంద్ర స్థాయి ఎంత వెలితిగా ఉంటుందో కర్ణాటక సంగీతం విన్న చెవికి వేరే చెప్పనక్కర్లేదు.

ఆ అందని మంద్ర షడ్జం బాసెట్ హార్న్ అనే మరో వాద్యంలో అప్పటికే ఉంది. క్లారినెట్ కుటుంబంలోదే, ఇంకాస్త బొంగురు గొంతు, వంకర ఒళ్ళు. అన్నదమ్ములిద్దరూ దాన్నీ వాయించేవారు. 1784 మార్చి 23న వియన్నా బుర్గ్ థియేటర్లో స్టాడ్లర్ తన కోసం ఏర్పాటు చేసుకున్న కచేరీలో మొజార్ట్ పదమూడు వాద్యాల సెరనేడ్‌లోంచి నాలుగు భాగాలు వినిపించారు. అందులో క్లారినెట్లు రెండు, బాసెట్ హార్న్‌లు రెండు. ఆ రోజు వినడానికి వచ్చిన యోహాన్ ఫ్రీడ్రిష్ షింక్ అనే రచయిత, క్లారినెట్ మనిషి గొంతును ఇంత అచ్చంగా అనుకరించగలదని తాను ఎన్నడూ అనుకోలేదని మరుసటి ఏడాది అచ్చులో రాశాడు. మన దగ్గర వీణకో వేణువుకో ఇచ్చే అతిపెద్ద మెప్పు కూడా పాడినట్టుంది అనేదే కదా.

బాసెట్ హార్న్‌లో ఉన్న లోతు క్లారినెట్‌కి ఎందుకు రాకూడదు? ఈ ప్రశ్నకి జవాబు 1788 ఫిబ్రవరి 20న బుర్గ్ థియేటర్ కచేరీ ప్రకటనలో కనిపిస్తుంది. ఆస్థాన వాద్యాల తయారీదారు థియోడోర్ లోట్జ్ కొత్తగా చేసిన 'బాస్ క్లారినెట్' మీద స్టాడ్లర్ వాయిస్తాడనీ, మామూలు క్లారినెట్ కంటే దీనికి కింద రెండు స్వరాలు ఎక్కువనీ అందులో ఉంది. తర్వాత మధ్యలోని అరస్వరాలు కూడా చేరి నాలుగూ పూర్తయ్యాయి. ఈ వాద్యాన్నే ఇవాళ బాసెట్ క్లారినెట్ అంటున్నారు. నేటి ఆర్కెస్ట్రాలో బాస్ క్లారినెట్ అనే పేరున్నది వేరే వాద్యం, రెంటినీ కలపకూడదు.

తర్వాతి ఏడాది సెప్టెంబరు 29న మొజార్ట్ క్వింటెట్ పూర్తి చేశాడు: ఒక క్లారినెట్, రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. డిసెంబరు 22న స్టాడ్లర్ దాన్ని వాయించాడు. 1790 ఏప్రిల్‌లో, తనకు అప్పులిచ్చి ఆదుకునే పుఖ్‌బర్గ్‌కి రాసిన ఉత్తరంలో మొజార్ట్ దాన్ని 'స్టాడ్లర్ క్వింటెట్' అంటాడు. సొంత రచనని వాయించేవాడి పేరుతో పిలవడం చేబదుళ్ళ లెక్కలో పట్టే విషయం కాదు.

ఇద్దరి మధ్య చనువుకీ సాక్ష్యాలున్నాయి. ఇద్దరూ ఫ్రీమేసన్ అనే రహస్య సోదర సంఘాల్లో సభ్యులు. స్టాడ్లర్ 1785లో చేరాడు. 1787 జనవరిలో ప్రాగ్ వెళ్ళే దారిలో మొజార్ట్ బండిలో కూర్చుని తనకూ భార్యకూ మిత్రులకూ అర్థంపర్థం లేని ముద్దుపేర్లు పెట్టాడు. స్టాడ్లర్‌కి వచ్చినది నాచిబినీచిబి.

ఇక 1791. లియోపోల్డ్ చక్రవర్తి బొహీమియా రాజుగా పట్టాభిషేకం చేసుకుంటున్న సందర్భంలో మొజార్ట్ ఒపేరా 'టైటస్ దయ' సెప్టెంబరు 6న ప్రాగ్‌లో మొదటిసారి ఆడింది. అందులో రెండు పాటలకు స్టాడ్లర్ కోసం ప్రత్యేకంగా రాసిన వాద్యభాగాలున్నాయి. ఒకటి బాసెట్ క్లారినెట్‌కి, రెండోది బాసెట్ హార్న్‌కి. గాయని ఒక మాట పాడితే వాద్యం దానికి బదులు చెబుతుంది, ఒక్కోసారి ఆమెను దాటి ముందుకు పోతుంది. ఈ ఒపేరా రాతప్రతిలో కింది స్వరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

మొజార్ట్ వియన్నా తిరిగొచ్చేశాడు, స్టాడ్లర్ ప్రాగ్‌లోనే ఉండిపోయాడు. అక్టోబరు 7న, బాడెన్‌లో ఉన్న భార్య కాన్‌స్టాంజ్‌కి మొజార్ట్ రాసిన ఉత్తరంలో ఒక సాయంత్రం కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆమె బండెక్కి వెళ్ళిపోగానే ఒంటరిగా తనతో తానే రెండు ఆటలు బిలియర్డ్స్ ఆడాడట. తర్వాత తన గుర్రాన్ని 14 డ్యూకట్లకి అమ్మేశాడు. పాలు కలపని కాఫీ తెప్పించుకుని, పైపు వెలిగించి, స్టాడ్లర్ రోండో దాదాపు అంతటికీ ఆర్కెస్ట్రా భాగాలు రాసేశాడు. ఆ రోండో కాన్సర్టోలో చివరి భాగం. అంతలో ప్రాగ్ నుంచి స్టాడ్లర్ ఉత్తరం: ఒపేరా బాగా సాగింది, తన వాయిద్యానికి కింద కూర్చున్న ప్రేక్షకులే కాదు, ఆర్కెస్ట్రా వాళ్ళు కూడా శభాష్ అని కేకలు పెట్టారు. ఓ బొహీమియా వింతా అని స్టాడ్లర్ రాసిన మాటని మొజార్ట్ భార్యకి చెప్పాడు. ఇంకో రెండు నెలలకు మొజార్ట్ లేడు.

కాన్సర్టో ఎ మేజర్‌లో ఉంది, క్లారినెట్ ఎ శ్రుతిది. అంటే వాద్యకారుడి రాత లెక్కలో షడ్జం సరిగ్గా 'సి' దగ్గర పడుతుంది. మామూలు క్లారినెట్‌లో లేని ఆ అట్టడుగు స్వరమే ఈ కాన్సర్టోకి ఆధార షడ్జం. తారస్థాయి నుంచి ఒక్క దూకుతో కిందికి దిగి షడ్జం మీద కాలు పెట్టడం, పాడే గొంతులా పైన ఒక మాట అని కింద పురుషస్వరంలో తానే బదులివ్వడం, ఇలాంటివి మొజార్ట్ రాశాడంటే వాటిని పలికించేవాడు ఎదురుగా ఉన్నాడు కాబట్టే. మొజార్ట్ తన రచనల పట్టీలో 'పెద్ద స్టాడ్లర్ గారి కోసం' అని రాసుకున్నాడు. అక్టోబరు 16న ప్రాగ్ కచేరీలో స్టాడ్లర్ దీన్ని మొదటిసారి వాయించాడని పరిశోధకుల్లో ఎక్కువమంది అభిప్రాయం.

అక్కణ్ణుంచి అతను అయిదేళ్ళు వియన్నా ముఖం చూడలేదు. బెర్లిన్, వార్సా, విల్నియస్, రీగా, సెయింట్ పీటర్స్‌బర్గ్, తిరుగుదారిలో లూబెక్, హాంబర్గ్, హానోవర్. 1796లో ఇంటికి చేరాడు. 1799లో ఆస్థానం పింఛను ఇచ్చింది.

1800 వేసవిలో ఆరు వారాల ఎడంలో రెండు కాగితాలు పుట్టాయి. రెండింట్లోనూ స్టాడ్లర్ ఉన్నాడు, కానీ ఇద్దరు వేరు మనుషుల్లా ఉంటారు.

మొదటిది మే 31 నాటి ఉత్తరం. మొజార్ట్ రాతప్రతులు కొన్న యోహాన్ ఆంటోన్ ఆండ్రే అనే ప్రచురణకర్తకి కాన్‌స్టాంజ్ రాసింది. కనబడని రచనల కోసం పెద్ద స్టాడ్లర్‌ని అడగమంటుంది. అతని దగ్గర అసలు ప్రతులుండేవి, ఎవరికీ తెలియని బాసెట్ హార్న్ త్రయాల నకళ్ళు ఇంకా ఉన్నాయి అంటుంది. అతనేమో జర్మనీలో ప్రయాణపు పెట్టె దొంగలెత్తుకుపోయారనీ, అవన్నీ అందులోనే ఉన్నాయనీ అంటున్నాడు. వేరేవాళ్ళు మాత్రం అది పోలేదనీ, 73 డ్యూకట్లకి తాకట్టు పెట్టాడనీ చెబుతున్నారు. అందులో వాద్యాలూ ఇతర వస్తువులూ కూడా ఉండే ఉంటాయని కాన్‌స్టాంజ్ కలిపింది. పోయిందో తాకట్టుకెళ్ళిందో గాని ఆ పెట్టె మళ్ళీ దొరకలేదు. క్వింటెట్, కాన్సర్టోల అసలు రాతప్రతులూ నేటికీ లేవు.

ఈ మాటల్ని తూచేటప్పుడు ఆమె ఎవరో మరిచిపోకూడదు. భర్త ప్రతులు అమ్ముకుని పిల్లల్ని పెంచుతున్న మనిషి, పాత 500 గుల్డెన్లు రాని మనిషి, పైగా చెబుతున్నది ఇంకొకరి నోట విన్నది. దాంతో తాకట్టు కథ అబద్ధమైపోదు గాని, రుజువు మాత్రం కాదు.

రెండో కాగితం జులై 10 నాటిది. హంగరీలో కెస్ట్‌హెయ్ ఎస్టేటు యజమాని గెయోర్గ్ ఫెస్టెటిచ్ ప్రభువు అప్పటికే అక్కడ వ్యవసాయ కళాశాల పెట్టాడు. ఇప్పుడు సంగీత పాఠశాల ఎలా నడపాలో చెప్పమని స్టాడ్లర్‌ని అడిగాడు. వచ్చిన జవాబు ఏభై పేజీల ప్రణాళిక. ఆరేళ్ళ చదువు. గొంతు బాగున్నా ఓ మాదిరిగా ఉన్నా ప్రతి విద్యార్థీ పాట నేర్వాలి. సంగీతం తెలియాలంటే లోకజ్ఞానం, గణితం, కవిత్వం, వక్తృత్వం, పలు భాషలు తెలిసుండాలి. షింక్ మెచ్చుకున్న ఆ పాడే క్లారినెట్ ఒట్టి చేతి నేర్పుతో వచ్చింది కాదని ఇది చదివితే తెలుస్తుంది. వాద్యానికి ముందు గాత్రం అన్నది అతని పాఠంలో మొదటి సూత్రం. అప్పు ఎగ్గొట్టే సోమరి అని ముద్రపడ్డ మనిషి రాతగా దీన్ని చదవడం కష్టం.

కాన్సర్టో 1801లో అచ్చయింది. అది అసలు రచన కాదు. స్టాడ్లర్ వాద్యం ఇంకెవరి దగ్గరా లేదు కాబట్టి, ఎవరో ఆ నాలుగు స్వరాలున్న చోటల్లా పదబంధాన్ని పైస్థాయికి ఎత్తి మామూలు క్లారినెట్‌కి సరిపోయేలా మార్చేశారు. వ్యాపారంగా చూస్తే తప్పులేదు, అమ్ముడుపోవాలి కదా. కానీ వింటుంటే అతుకులు తెలుస్తాయి. దిగుతూ వస్తున్న స్వరాల వరస మెట్ల మధ్యలో తిరిగి పైకెక్కేస్తుంది. పైనా కిందా సాగాల్సిన సంభాషణ ఒకే గొంతులో నలిగిపోతుంది.

ఈ సంగతి పట్టుకున్నవాడు అప్పుడే ఒకడున్నాడు. 1802 మార్చిలో లైప్‌జిగ్ సంగీత పత్రికలో పేరు వేసుకోని సమీక్షకుడు, మొజార్ట్ దీన్ని కింది 'సి' దాకా దిగే క్లారినెట్ కోసం రాశాడని చెప్పి, మార్చిన చోట్లకి ఉదాహరణలిచ్చాడు. అసలు పాఠమే అచ్చువేసి, మార్పుల్ని చిన్న అక్షరాల్లో పక్కన ఇస్తే బాగుండేది అన్నాడు. ఎంత సబబైన సలహా! పట్టించుకున్నవాళ్ళు లేరు. దాదాపు నూటయాభై ఏళ్ళపాటు ప్రపంచం మార్చిన పాఠాన్నే మొజార్ట్ రాసిందనుకుని వాయించింది.

1948లో ఇంగ్లండ్‌లో జార్జ్ డేజ్లీ ఈ అతుకుల్ని మళ్ళీ ఎత్తిచూపాడు. ప్రాగ్‌లో యిర్జీ క్రాటోఖ్విల్ అదే దారిలో తవ్వాడు, అక్కడే 1951లో పునర్నిర్మించిన పాఠంతో కచేరీ జరిగింది. ఆధారాలు మూడు. సమీక్షకుడిచ్చిన ఉదాహరణలు ఒకటి. స్విట్జర్లాండ్ వింటర్‌టూర్‌లో ఉన్న మొజార్ట్ చేతిరాత చిత్తుప్రతి రెండోది. మొదటి భాగాన్ని అతను ముందుగా బాసెట్ హార్న్ కోసం మొదలుపెట్టి 199 ఆవర్తాల దాకా రాసి ఆపాడు. ఒపేరా పాటలో మిగిలిన కింది స్వరాలు మూడోది, మొజార్ట్ వాటిని ఎలా వాడేవాడో అక్కడ చూసుకోవచ్చు. మొజార్ట్ రచనల కొత్త ప్రామాణిక ప్రచురణలో 1977లో వెలువడిన సంపుటం రెండు పాఠాలనూ అచ్చువేసింది. లైప్‌జిగ్ సమీక్షకుడు అడిగింది 175 ఏళ్ళకి జరిగింది.

స్టాడ్లర్ తన సొంత రచనలూ మిగిల్చాడు: ఒంటరి క్లారినెట్‌కి మూడు కాప్రీస్‌లు (స్వేచ్ఛగా సాగే చిన్న రచనలు), రెండు క్లారినెట్లకి అభ్యాస యుగళాలు, వియన్నా వీధి పాటల మీద వైవిధ్యాలు, మూడు బాసెట్ హార్న్‌లకి పద్ధెనిమిది త్రయాలు. వీటిలో మొజార్ట్ ఛాయ కోసం వెతికితే నిరాశే. రాసిన చెయ్యి వాద్యకారుడిది, వాద్యం ఎక్కడ గొంతెత్తుతుందో ఎక్కడ గుసగుసలాడుతుందో తెలిసిన చెయ్యి. అంతకుమించి కోరడం అన్యాయం. తమ్ముడు 1804లో పోయాడు. 1812 జూన్ 15న ఆంటోన్ వియన్నాలో క్షీణించి చనిపోయాడు.

అసలు పాఠం దొరికాక కూడా ఒక చిక్కు మిగిలింది. అతని వాద్యం చూడ్డానికి ఎలా ఉండేది? 1801లో ఒక జర్మన్ పత్రిక, గొట్టం చివరి పావుభాగం తిన్నగా కాక అడ్డంగా తిరిగి ఉంటుందనీ, అట్టడుగు స్వరాలు కొమ్ముబూరని తలపిస్తాయనీ రాసింది. ఆ మాటల్ని బట్టి ఆకారం ఊహించడం తేలిక కాదు. ఇరవయ్యో శతాబ్దపు తయారీదారులు మామూలు క్లారినెట్‌నే కాస్త పొడిగించి నిటారుగా చేసుకున్నారు.

1990ల మొదట్లో అమెరికన్ పరిశోధకురాలు పమేలా పౌలిన్ రీగాలో 1794 నాటి కచేరీ కరపత్రాలు చూసింది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో స్టాడ్లర్ ఇచ్చిన కచేరీలవి. వాటిలో మొజార్ట్ కాన్సర్టో ఉంది, మొజార్ట్ శిష్యుడు జ్యూస్‌మాయర్ రాసిన కాన్సర్టో ఉంది. వాద్యం బొమ్మ కూడా చెక్కి అచ్చువేశారు. పొడవాటి తిన్నని గొట్టం, చివర అడ్డంగా తిరిగిన ముక్క, దాని కొసన వెడల్పు గంటకి బదులు గుండ్రటి బుడగ. అది చూశాక తయారీదారులు బుడగ బాసెట్ క్లారినెట్లు చెయ్యడం మొదలుపెట్టారు. బొమ్మలో కొలతలు లేవు. ఆ బుడగ లోపల ఎంత గుల్ల, దాని నోరు ఎంత వెడల్పు అన్నది ప్రతి తయారీదారూ షడ్జం ఊదించి చూసుకుని తేల్చుకోవలసిందే.